అంచున తెగిన అక్షరాలకు 90 శాతం మందు కాదు

సంపాదకుల గారికి,

నమస్కారం. మీ పత్రిక సాంకేతిక శీర్షికలో ఒక పాఠకురాలు అడిగిన ప్రశ్నను, దానికి అచ్చయిన సమాధానాన్ని చదివి ఈ లేఖ రాస్తున్నాను. కంప్యూటర్‌ను లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టంకు మార్చుకున్నప్పటి నుంచి ఏ పత్రం ప్రింట్ తీసినా పేజీ చివరి వరుస సగానికి తెగిపోతోందని, ఆ కింద ఒక వేలి వెడల్పుకు మించి తెల్ల కాగితం ఖాళీగా మిగిలి ఉంటోందని, పక్క అంచులు మాత్రం బాగానే ఉన్నాయని ఆమె రాశారు. లినక్స్‌లో ఇది మామూలేనని, ప్రింట్ విండోలో పేజీ పరిమాణాన్ని పెంచే, తగ్గించే స్కేల్‌ను 90 శాతానికి తగ్గించుకుంటే సరిపోతుందని మీ శీర్షిక బదులిచ్చింది. ఆ బదులులోని రెండు మాటలతోనూ నేను విభేదిస్తున్నాను. పదేళ్లకు పైగా లినక్స్ మీదే తెలుగు పత్రాలు టైపు చేసి ప్రింట్ తీస్తున్న వ్యక్తిగా, ఇదే చిక్కుతో చాలా కాగితం పాడుచేసుకున్న వ్యక్తిగా, నాకు తెలిసినది మీ పాఠకులతో పంచుకోవాలనిపించింది.

సలహా ఇచ్చిన వారి సదుద్దేశాన్ని శంకించడం లేదు. స్కేల్ తగ్గించగానే తెగిన అక్షరాలు చాలాసార్లు కాగితం మీదికి తిరిగి వస్తాయి కాబట్టి సమస్య తీరినట్టే కనిపిస్తుంది. కానీ తప్పు ఎక్కడుందో అక్కడే ఉండిపోతుంది. రేపు మరో ప్రోగ్రాం నుంచి ప్రింట్ ఇచ్చినప్పుడు మళ్లీ తలెత్తుతుంది. నిజానికి ఆ పాఠకురాలు తన ప్రశ్నలోనే కారణాన్ని దాదాపు చెప్పేశారు. కాగితం మీద చోటు ఉండగానే అక్షరం తెగిందంటే, దాన్ని తెంచింది ప్రింటర్ కాదు. ప్రింటర్‌కు చేరకముందే, కాగితం అసలు కొలత కంటే పొట్టిదని నమ్మిన ఏదో ఒక సాఫ్ట్‌వేర్ దాన్ని తెంచింది.

ఇది చిన్న విషయమని కొందరికి అనిపించవచ్చు. తెలుగు రాసేవారికి అది చిన్నది కాదని నా అభిప్రాయం. మన లిపిలో అక్షరం ఒకే గీత మీద కూర్చోదు. గుడి పైకి వెళ్తుంది, ఒత్తు కిందికి దిగుతుంది. చివరి వరుస కింద రెండు మిల్లీమీటర్లు తెగితే ముందుగా పోయేది ఒత్తులే. అప్పుడు అత్త అత అవుతుంది, తప్పు తపు అవుతుంది, పద్దు పదు అవుతుంది. పైన తెగితే గుడి పోయి కి కాస్తా క లాగా కనిపిస్తుంది. కుడి అంచున తెగితే దీర్ఘమో సున్నానో పోతుంది. అక్షరం మొత్తంగా మాయమైతే లోపం వెంటనే కంటపడుతుంది. ఒత్తు మాత్రమే పోతే చదివేవారు దాన్ని అచ్చుతప్పు అనుకుంటారు, రాసినవారి అజాగ్రత్త అనుకుంటారు.

స్కేల్ తగ్గించడం వల్ల కలిగే నష్టం కూడా తక్కువేమీ కాదు. ఉత్తరం, వ్యాసం అయితే అక్షరం కొద్దిగా చిన్నదైనా పరవాలేదు. అయితే కుట్టుపని నమూనా, కొలతలతో గీసిన పటం, వరుసగా అతికించే లేబుళ్ల షీటు, ముందే అచ్చయిన ఫారంలోని గళ్లలో పడాల్సిన వివరాలు, ఇవన్నీ నూటికి నూరు శాతం కొలతలో వస్తేనే పనికొస్తాయి. పది సెంటీమీటర్ల గీత తొమ్మిది సెంటీమీటర్లు అయిందంటే ఆ నమూనాతో కత్తిరించిన గుడ్డ పాడైనట్టే. ఒకసారి 90 శాతాన్ని అలవాటుగా పెట్టుకున్నవారు ఇలాంటి పత్రం వచ్చినప్పుడు దాన్ని తీసేయడం మర్చిపోతారు. నేనూ మర్చిపోయాను.

అందుకే అంచు తెగడం అనే ఒకే ఫిర్యాదు వెనుక ఉన్న రెండు వేర్వేరు కారణాలను విడదీసి చూడాలని కోరుతున్నాను.

ఒకటి యంత్రం హద్దు. మామూలు ప్రింటర్ ఏదీ కాగితం అంచు దాకా ముద్రించదు. కాగితాన్ని పట్టి లాగే రోలర్లకు కొంత అంచు కావాలి. లేజర్ ప్రింటర్‌లో అయితే అంచు దాటిన టోనర్, అంటే పొడి సిరా, లోపలి భాగాలకు అంటుకుని తర్వాతి కాగితాలను మరకలు చేస్తుంది కాబట్టి తయారీదారులు కావాలనే నాలుగు పక్కలా ఒక పట్టీని వదిలేస్తారు. చాలా లేజర్ ప్రింటర్లలో ఆ పట్టీ సుమారు 4.2 మిల్లీమీటర్లు, అంటే అంగుళంలో ఆరో వంతు. ఇంక్‌జెట్‌లలో మూడు పక్కలా ఇంకా తక్కువ ఉండవచ్చు గానీ, కొన్ని నమూనాల్లో కింది అంచు మాత్రం అర అంగుళం దాకా పోతుంది, ఎందుకంటే కాగితం చివరి భాగం వచ్చేసరికి వెనుక రోలర్ల పట్టు వదిలిపోతుంది. అంచుల్లేని ముద్రణ చేసే ఫొటో ప్రింటర్లు ఉన్నాయి. అవి బొమ్మను కాగితం కంటే కొంచెం పెద్దది చేసి, అంచు దాటిన సిరాను లోపలి స్పాంజిలోకి వదిలేస్తాయి. ఈ హద్దు లినక్స్ పెట్టింది కాదు. ఏ ఆపరేటింగ్ సిస్టం నుంచి పంపినా అదే ప్రింటర్ అదే హద్దు దగ్గర ఆగుతుంది. పత్రం మార్జిన్ అంతకంటే చిన్నదైతే అక్షరం తెగక తప్పదు. ఆ కోత కాగితం అంచుకు బాగా దగ్గరగా, ప్రతి పేజీలోనూ ఒకే గీత మీద కనిపిస్తుంది. దీనికి మందు పత్రంలో మార్జిన్ పెంచడం, అది కుదరనప్పుడే స్కేల్ తగ్గించడం.

రెండోది కాగితం కొలత మీద తగువు. ఆ పాఠకురాలి సమస్య ఇదే అయి ఉండాలి, లినక్స్‌కు కొత్తగా వచ్చినవారిని ఎక్కువగా వేధించేదీ ఇదే, కాబట్టి దీని గురించి కాస్త వివరంగా రాయనివ్వండి.

ప్రపంచంలో ఎక్కువ దేశాలు వాడే ఏ4 కాగితం వెడల్పు 210 మిల్లీమీటర్లు, ఎత్తు 297 మిల్లీమీటర్లు. 1922లో జర్మనీ ప్రమాణంగా పుట్టిన ఈ వరుసే తర్వాత అంతర్జాతీయ ప్రమాణమైంది. ఎత్తు వెడల్పుల నిష్పత్తి రెండుకు వర్గమూలం కావడం వల్ల సగానికి మడిచినా కాగితం ఆకారం మారదు, అదే దీని అందం. అమెరికా, కెనడా వంటి కొన్ని దేశాల్లో మాత్రం లెటర్ అనే కొలత నడుస్తోంది. ఎనిమిదిన్నర అంగుళాల వెడల్పు, పదకొండు అంగుళాల ఎత్తు, అంటే 215.9, 279.4 మిల్లీమీటర్లు. ఈ రెండింటినీ పక్కపక్కన పెడితే లెటర్ దాదాపు ఆరు మిల్లీమీటర్లు వెడల్పు, పదిహేడున్నర మిల్లీమీటర్లు పొట్టి. చేతిలోకి తీసుకున్నప్పుడు తేడా తెలియనంత దగ్గరగా ఉండటమే చిక్కంతటికీ మూలం. ఒకటి చాలా పెద్దదై ఉంటే తప్పు మొదటి రోజే బయటపడేది.

ఇప్పుడు ట్రేలో ఏ4 కాగితం ఉండి, పత్రం కూడా ఏ4లోనే తయారై, మధ్యలో ఒక్క ప్రింట్ వ్యవస్థ మాత్రమే కాగితం లెటర్ అనుకుంటే ఏమవుతుందో చూడండి. పత్రం ఎత్తులో పదిహేడున్నర మిల్లీమీటర్లు ఎక్కువ అవుతుంది. స్కేల్ చేయవద్దని చెప్పి ఉంటే, పేజీని మధ్యకు జరిపి పైనా కిందా దాదాపు తొమ్మిదేసి మిల్లీమీటర్లు కోసేయవచ్చు, లేదా ఒక పక్కకు ఆనించి మొత్తం కోతను ఇంకో పక్కనే వేయవచ్చు. అలా కోసిన పొట్టి బొమ్మను ప్రింటర్ నిజమైన ఏ4 కాగితం మీద దించుతుంది. కాబట్టి కింద ఖాళీ మిగులుతుంది, దాని పైన వరుస తెగి ఉంటుంది. పక్కల మాత్రం నష్టం ఉండదు, లెటర్ వెడల్పు ఎక్కువ కదా. ఆ పాఠకురాలు వర్ణించినది అచ్చంగా ఇదే. తిరగబడిన సందర్భంలో, అంటే లెటర్ కొలతలో తయారైన పత్రాన్ని ఏ4 కాగితం మీద తీసినప్పుడు, పైనా కిందా బాగానే ఉండి పక్కల కోత పడుతుంది. ఇంటర్నెట్ నుంచి దించుకున్న ఫారాల్లో కుడి అంచు తెగడానికి తరచుగా ఇదే కారణం.

లెటర్ అనేది ఎవరూ పిలవకుండా ఎలా వస్తుందని అడగవచ్చు. లినక్స్‌ను ఎక్కించేటప్పుడు మొదటి తెరలో భాష అడుగుతుంది. చాలామంది పైన కనిపించే అమెరికా ఇంగ్లీషునే ఎంచుకుని ముందుకు వెళ్తారు. ఆ ఎంపిక మెనూల భాషతో ఆగదు. తేదీ రాసే పద్ధతి, డబ్బు గుర్తు, వాటితో పాటు కాగితం కొలత కూడా దాని వెంట వస్తాయి. వ్యవస్థ ప్రాంతీయ అమరికల్లో కాగితానికి ప్రత్యేకంగా ఒక పద్దు ఉంది, దాని పేరు ఎల్‌సీ పేపర్. అమెరికా ఇంగ్లీషు ఉంటే అది ఎత్తు 279, వెడల్పు 216 అని చెబుతుంది. తెలుగు గానీ బ్రిటిష్ ఇంగ్లీషు గానీ ఉంటే 297, 210 అని చెబుతుంది. కొత్త పత్రం తెరిచే ప్రోగ్రాములు, కొత్త ప్రింటర్‌ను చేర్చే ఉపకరణాలు చాలావరకు ఈ పద్దునే అడిగి తెలుసుకుంటాయి. మెనూలు ఇంగ్లీషులోనే ఉంచుకుని, డెస్క్‌టాప్ సెట్టింగుల్లో ప్రాంతీయ రూపాలు అనే చోట మాత్రం మన ప్రాంతాన్ని ఎంచుకుని, ఒకసారి లాగౌట్ అయి మళ్లీ వస్తే ఈ పద్దు సరి అవుతుంది. డెబియన్ కుటుంబానికి చెందిన లినక్స్ రకాల్లో, ఈటీసీ ఫోల్డర్‌లో పేపర్‌సైజ్ అనే ఫైలు ఉంటుంది. అందులో కాగితం పేరు ఒక్క మాటగా రాసి ఉంటుంది, దాన్నీ చూసుకోవాలి.

ఇక్కడితో పని అయిపోతే బాగుండేది. కానీ ప్రాంతీయ అమరిక మార్చినంత మాత్రాన, అంతకుముందే చేర్చుకున్న ప్రింటర్ తన పాత కొలతను వదిలిపెట్టదు. ఒక పేజీ మన కంటి నుంచి కాగితం మీదికి చేరేలోగా నాలుగు చేతులు మారుతుంది: పత్రం, దాన్ని తెరిచిన ప్రోగ్రాం, కప్స్ అనే ముద్రణ వ్యవస్థ, చివరికి ప్రింటర్ ట్రే. నాలుగింటికీ కాగితం కొలత మీద సొంత అభిప్రాయం ఉంటుంది. అవి ఏకమైతే ఏ చిక్కూ లేదు. అంచు తెగిందంటే వాటిలో ఒకటి వేరు మాట చెబుతోందని అర్థం; అది ఏదో కనిపెట్టడమే అసలు పని.

పత్రం సంగతి తేల్చడం సులువు. పీడీఎఫ్‌ను తెరిచి లక్షణాలు అనే చోట చూస్తే పేజీ కొలత కనిపిస్తుంది. ఆదేశాలు టైపు చేసే టెర్మినల్ విండోలో పీడీఎఫ్ఇన్ఫో అనే ఆదేశానికి ఫైలు పేరు ఇచ్చినా చెబుతుంది. అది పాయింట్లలో చెబుతుంది, అంగుళానికి 72 పాయింట్లు. 595, 842 అని కనిపిస్తే ఏ4, 612, 792 అని కనిపిస్తే లెటర్. ఈ రెండు జతలను గుర్తుపెట్టుకున్నవారికి సగం పని తగ్గుతుంది. లిబ్రేఆఫీస్ అనే పత్రాల ప్రోగ్రాంలో మీరే రాసిన పత్రమైతే ఫార్మాట్ మెనూలోని పేజీ స్టైల్‌లో కొలత, మార్జిన్లు రెండూ ఉంటాయి. మార్జిన్‌ను ప్రింటర్ హద్దు కంటే తక్కువ పెడితే, అది ముద్రణ పరిధికి బయట ఉందని ఆ ప్రోగ్రాం హెచ్చరిస్తుంది కూడా. చాలామంది ఆ హెచ్చరికకు సరే అని నొక్కేస్తారు. నొక్కే ముందు ఒక్క క్షణం ఆగి దాన్ని చదవమని ప్రార్థన.

కప్స్ గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే లినక్స్‌లో ప్రింట్ అంటే దాదాపుగా కప్సే. మైఖేల్ స్వీట్ రాసిన ఈ వ్యవస్థ 1999లో తొలిసారి విడుదలైంది. 2007లో ఆపిల్ సంస్థ దాన్ని సొంతం చేసుకుంది. 2020 నుంచి ఓపెన్‌ప్రింటింగ్ బృందం లినక్స్ కోసం దాన్ని విడిగా ముందుకు నడుపుతోంది. బ్రౌజర్ చిరునామా పట్టీలో లోకల్‌హోస్ట్ అని, తర్వాత కోలన్, తర్వాత 631 అని కొడితే మీ కంప్యూటర్‌లోని కప్స్ పేజీ తెరుచుకుంటుంది. అందులో మీ ప్రింటర్ పేరు మీద నొక్కి, డిఫాల్ట్ ఎంపికలు మార్చే చోటికి వెళ్తే మీడియా సైజ్, అంటే కాగితం కొలత, కనిపిస్తుంది. అది లెటర్ అని ఉంటే ఏ4 చేయండి. టెర్మినల్ అలవాటున్నవారు ఎల్‌పీఆప్షన్స్ ఆదేశంతో ఆ ప్రింటర్ ఎంపికలన్నీ చూడవచ్చు. అమల్లో ఉన్న ఎంపిక ముందు నక్షత్రం గుర్తు ఉంటుంది. ఒక సూక్ష్మం ఉంది. ఎల్‌పీఆప్షన్స్‌తో మామూలు వాడుకరిగా మార్చినది ఆ వాడుకరి సొంత ఫోల్డర్‌లో దాక్కుని ఉంటుంది, వ్యవస్థ మొత్తానికి పెట్టిన అమరికను అదే మించుతుంది. ఒకే కంప్యూటర్‌లో ఒకరికి సరిగా వచ్చి ఇంకొకరికి తెగుతోందంటే మొదట అనుమానించాల్సింది ఆ దాగిన ఫైలునే.

లినక్స్‌ను కొత్త వెర్షన్‌కు మార్చాక మార్జిన్లు మారాయని కొందరు ఫిర్యాదు చేస్తారు. దానికీ కారణం ఉంది. పాత పద్ధతిలో ప్రతి ప్రింటర్ నమూనాకూ పీపీడీ అనే వివరణ ఫైలు ఉండేది. ఏ కాగితం మీద ఎక్కడి నుంచి ఎక్కడి దాకా ముద్రించవచ్చో అందులో పాయింట్ల లెక్కన రాసి ఉండేది. ఆ ఫైలు రాసినవారు అతి జాగ్రత్త పడితే మార్జిన్ అవసరానికి మించి పెద్దదయ్యేది, పొరబడితే అక్షరాలు తెగేవి. కొత్త పద్ధతిలో ప్రింటర్ నమూనాకు తగ్గ డ్రైవర్ అనే సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. నెట్‌వర్క్ ద్వారా ప్రింటర్‌నే అడిగితే అది తన హద్దులను మిల్లీమీటరులో నూరో వంతు లెక్కన చెబుతుంది. 423 అని చెబితే 4.23 మిల్లీమీటర్లని అర్థం. ప్రింటర్ స్వయంగా చెప్పే మాట కాబట్టి ఇది నమ్మదగినదని నా అనుభవం. పాత పీపీడీ ఫైలు తెరిచి హద్దుల అంకెలను సున్నా చేసుకోమనే సలహా ఇప్పటికీ చేతులు మారుతోంది. దయచేసి అలా చేయవద్దు. అంకె మార్చినంత మాత్రాన రోలర్ పట్టు మారదు. ఇంతకాలం మార్జిన్‌ను గౌరవించిన ప్రోగ్రాములు ఇక అక్షరాలను హద్దు దాటించి పంపుతాయి, ప్రింటర్ వాటిని నిశ్శబ్దంగా వదిలేస్తుంది.

నా కథ ఒకటి చెబుతాను. ఒకసారి నలభై పేజీల పత్రాన్ని రెండు ప్రతులు తీశాను. మొదటి ప్రతి చక్కగా వచ్చింది. రెండోదాంట్లో ప్రతి పేజీ కిందా సంఖ్య సగానికి తెగింది. పత్రం ఒకటే, ప్రింటర్ ఒకటే, కాగితం ఒకే కట్టలోది. ప్రింటర్ చెడిందనుకుని రెండు రోజులు రోలర్లు తుడిచాను. చివరికి ప్రింట్ విండోలో చూస్తే అదే ప్రింటర్ దాదాపు ఒకే పేరుతో రెండుసార్లు ఉంది; ఒకటి నేను ఎప్పుడో చేర్చుకున్నది, ఇంకొకటి నెట్‌వర్క్‌లో ప్రింటర్‌ను పసిగట్టి వ్యవస్థ తనంతట తాను చేర్చుకున్నది. మొదటిది ఏ4, రెండోది లెటర్. తొందరలో రెండోసారి పక్కదాని మీద నొక్కాను, అంతే. అప్పటి నుంచి ఏ కొత్త కంప్యూటర్ చూసినా మొదట ప్రింటర్ల పట్టికలో జంటలు ఉన్నాయేమో చూస్తాను. ఆ రెండు రోజుల శ్రమ ఇంకొకరికి తప్పాలన్న కోరికే ఈ లేఖకు సగం కారణం.

ట్రే సంగతి కూడా మరువరాదు. చాలా ప్రింటర్లకు ముందు భాగంలో చిన్న తెర ఉంటుంది. దాని మెనూలో ట్రేలోని కాగితం కొలత విడిగా పెట్టి ఉంటుంది. అక్కడ లెటర్ ఉంటే కంప్యూటర్‌లో ఎన్ని మార్చినా ప్రయోజనం ఉండకపోవచ్చు. కోత పేజీ పేజీకీ మారుతూ, కొంచెం వంకరగా పడుతుంటే మాత్రం అది కొలతల తగువు కాదు. ట్రేలోని పక్క పట్టీలు వదులై కాగితం జారుతోంది. వాటిని కాగితానికి ఆనేలా జరిపితే చాలు.

ఇక స్కేల్ అనే మాటకు వస్తాను. ప్రింట్ విండోల్లో దీనికి మూడు నాలుగు ఎంపికలు ఉంటాయి, వాటి పేర్లు ప్రోగ్రాం నుంచి ప్రోగ్రాంకు మారతాయి గానీ అర్థాలు మారవు. స్కేల్ వద్దు అంటే పేజీని ఉన్నది ఉన్నట్టు పంపుతుంది, కాగితం దాటినది పోతుంది. సరిపెట్టు అంటే నిష్పత్తి చెడకుండా ముద్రించగల ప్రాంతంలో ఇమిడేలా చేస్తుంది, అవసరమైతే పెంచుతుంది కూడా. కుదించు అంటే పెద్దదైతేనే తగ్గిస్తుంది, చిన్నదాన్ని ముట్టుకోదు. నింపు అంటే కాగితమంతా నిండేలా పెంచి, మిగిలినది కోసేస్తుంది. ఇది ఫొటోలకు మంచిది, పత్రాలకు పనికిరాదు. నింపు అనే ఎంపికతో ఏ4 పత్రాన్ని లెటర్ మీదికి పంపితే పైనా కిందా పదమూడేసి మిల్లీమీటర్లు పోతాయి. పంపినవారికి మాత్రం తాము ఏమీ కోయలేదనే అనిపిస్తుంది. లెటర్ కొలతలో వచ్చిన పరాయి పత్రాన్ని ఏ4 మీద చదువుకోవడానికి తీసుకునేటప్పుడు కుదించు అనేదే సరైన ఎంపిక, అందులో తప్పేమీ లేదు. 90 అనే అంకెను చేత్తో కొట్టడం కంటే అది ఎంతో మేలు, ఎందుకంటే ఎంత అవసరమో అంతే తగ్గిస్తుంది.

మీ కంప్యూటర్‌లో కొలతలు కలిశాయో లేదో తేల్చడానికి ఒక స్కేలు బద్ద చాలు. లిబ్రేఆఫీస్ డ్రాలో ఏ4 పేజీ తెరిచి సరిగ్గా వంద మిల్లీమీటర్ల నిలువు గీత గీయండి. పేజీ నాలుగు అంచులకూ పది మిల్లీమీటర్ల దూరంలో ఒక దీర్ఘచతురస్రపు గీత కూడా గీయండి. ప్రింట్ తీసి కొలవండి. వంద వచ్చి, గీత నాలుగు పక్కలా పది మిల్లీమీటర్ల దూరంలోనే ఉంటే అంతా సరిగా ఉంది. 96 వస్తే కొలతలు కలిశాయి గానీ సరిపెట్టు అనే ఎంపిక పనిచేస్తోంది. నాలుగు మిల్లీమీటర్ల హద్దులో ఇమడడానికి పేజీ ఆ మేరకు తగ్గింది. 94 గానీ 91 గానీ వస్తే ఎక్కడో లెటర్ చొరబడింది, 279.4ను 297తో భాగిస్తే వచ్చేది 94 శాతం, ప్రింటర్ హద్దులు కూడా తీసేస్తే 91. వంద వచ్చి కూడా కింది గీత కనబడకపోతే, స్కేల్ లేకుండా లెటర్‌కు కోత పడుతోంది. ఇలా ఒక్క కాగితంతో దోషం పేరు తెలుస్తుంది. నేను దీన్ని ప్రతి కొత్త ప్రింటర్ మీదా చేసి, తేదీ వేసి, ఆ కాగితాన్ని ప్రింటర్ కిందే పెట్టుకుంటాను.

వెబ్ పేజీల ముద్రణకు ఇంత కష్టం లేదు. ఫైర్‌ఫాక్స్ వంటి బ్రౌజర్లలో ప్రింట్ తెరలోనే మార్జిన్ ఎంపిక ఉంటుంది. అది ఏదీ వద్దు అని ఉంటే మామూలుకు మార్చి, పేజీ వెడల్పుకు సరిపెట్టు అని ఉంచితే చాలు. పట్టికలు వెడల్పుగా ఉన్నప్పుడు కాగితాన్ని అడ్డంగా తిప్పాలి. రెండు వైపులా ముద్రించేటప్పుడు వెనుక వైపు మాత్రమే తెగుతుంటే, ముందు వైపుకూ వెనుక వైపుకూ ఎడమ, కుడి మార్జిన్లు తారుమారయ్యాయేమో పేజీ స్టైల్‌లో చూడాలి.

పత్రాలు తయారుచేసి నలుగురికీ పంచేవారికి ఒక విన్నపం. ఫారం ఎక్కడ, ఏ ప్రింటర్ మీద తీస్తారో మీకు తెలియదు. కాగితం ఆదా కోసం మార్జిన్‌ను అయిదు మిల్లీమీటర్లకు తగ్గించిన ఫారం మీ ప్రింటర్‌లో రావచ్చు, కింది అంచున అర అంగుళం వదిలే ఇంక్‌జెట్‌లో సంతకం గీత తెగిపోతుంది. అడుగున కనీసం పదిహేను మిల్లీమీటర్లు, మిగతా పక్కల పది మిల్లీమీటర్లు వదిలితే దాదాపు ఏ ప్రింటర్‌లోనైనా చిక్కు రాదు. పీడీఎఫ్ చేసే ముందు పేజీ కొలత ఒకసారి చూసుకుంటే, తెరిచిన ప్రతివారూ విడివిడిగా సరిచేసుకునే అవసరం తప్పుతుంది.

లినక్స్‌లో ఇది మామూలేనన్న వాక్యానికి కూడా జవాబు చెప్పాలి. కోత పడటం లినక్స్ స్వభావం కాదు. భాష ఎంచుకునే మొదటి తెరలో జరిగిన ఒక ఎంపికే చాలాసార్లు దీనికి మూలం. అదే ఎంపికతో ఇతర వ్యవస్థల్లోనూ లెటర్ వచ్చి కూర్చుంటుంది. కొత్తగా ధైర్యం చేసి లినక్స్‌కు మారినవారికి ఇది ఇంతే అని చెబితే, వారు ప్రింట్ కోసం ఇంకో కంప్యూటర్ వెతుక్కుంటారు, లేదా చిన్నబోయిన అక్షరాలతో సర్దుకుపోతారు. రెండూ అక్కర్లేదు.

సంపాదకుల గారూ, ఆ పాఠకురాలి చిరునామా మీ దగ్గర ఉండే ఉంటుంది. కప్స్ పేజీలో మీడియా సైజ్‌ను, ప్రింటర్ తెర మీద ట్రే కొలతను ఏ4కు మార్చి, స్కేల్‌ను తిరిగి నూరు శాతానికి తెచ్చి ఒక పేజీ తీసి చూడమని ఆమెకు తెలియజేయండి. వీలైతే వచ్చే వారం శీర్షికలో 90 శాతం సలహాకు సవరణగా వంద మిల్లీమీటర్ల గీత పరీక్షను అచ్చువేయండి. ఆ గీతను పత్రికలోనే అసలు కొలతలో ముద్రించగలిగితే, స్కేలు బద్ద లేనివారు కూడా తమ కాగితాన్ని దాని పక్కన పెట్టి చూసుకుంటారు.

భవదీయ,
ఒక పాఠకుడు